వెనక బెంచీ మీద కూర్చున్నదెవరు?

మీరు అడుగుపెట్టని చోట మిమ్మల్ని చూశామని ఒక హాలు నిండా జనం చెబితే, మీరు ఎవరిని నమ్ముతారు? వాళ్ళనా, మిమ్మల్నా? తొందరపడి జవాబు చెప్పకండి. ఇలాంటి ప్రశ్నలకు నేను జీవితమంతా తొందరపడే జవాబు చెప్పాను.

నాకు దయ్యాల మీద ఎన్నడూ నమ్మకం లేదు. దేవుడి మీదా లేదు. ఈ రెండు మాటలూ ఒకే ఊపిరిలో అనడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. పెళ్ళిళ్ళలో ముహూర్తం అడిగినవాళ్ళతో, చావుల్లో పిండం పెట్టేవాళ్ళతో వాదనకు దిగిన మనిషి ఆయన. నేను కాలేజీలో భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నిమ్మకాయలోంచి రక్తం తీసే బాబాల గుట్టు వేదికెక్కి చేసి చూపించాను. నడవగలిగినవాణ్ణి చక్రాల కుర్చీలో తెచ్చి, లేపి నడిపించి, అద్భుతమని కేకలు వేయించే స్వస్థత సభల మీద కరపత్రాలు రాశాను. ఒక మనిషి అనుభవం ఎంత గట్టిదైనా రుజువు కాదు అని వందసార్లు చెప్పి ఉంటాను.

ఆ మాట ఇప్పటికీ అంటాను. అందుకే నన్ను నమ్మమని అడగను. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తాను. నేను చేయగలిగింది అంతే.

దైవసహాయం నాకు చాలా ఏళ్ళుగా స్నేహితుడు. హిందూపురం వైపు మనిషి. బెంగళూరు బళేపేటలో, గాజుల దుకాణాల సందులో, ఒక హార్డ్‌వేర్ కొట్టు పైన తెలుగువాళ్ళ చిన్న క్రైస్తవ సంఘం ఉంది. తాతల కాలంలోనే అనంతపురం పక్కనుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. గాజుల వ్యాపారులు, దర్జీలు, ఇనుప సామాన్ల కొట్లలో గుమాస్తాలు. దైవసహాయం ఆ సంఘానికి పాస్టరు.

ఆయన భార్య కరుణకు డెంగీ జ్వరం వచ్చింది. వైద్యంలో లోపమేమీ జరగలేదు. సంఘమంతా ఉపవాసాలుండి ప్రార్థించింది. ఒక శనివారం ఆమె కాస్త తేరుకుని గంజి తాగింది. మర్నాడు ఆయన ప్రసంగానికి లేచి, దేవుడు మన మొర విన్నాడని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఆరాధన ముగియకముందే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది.

బైబిలు అక్కడే వదిలేసి ఆయన మెట్లు దిగాడు. సమాధి దగ్గర ప్రార్థన కూడా వేరేవాళ్ళు చేశారు.

తర్వాత కొన్ని నెలలకు మా హేతువాద మిత్రుల సమావేశానికి వచ్చాడు. మొదట్లో మూల కుర్చీలో కూర్చుని వినేవాడు. ఒకరోజు లేచి మాట్లాడాడు. పాతికేళ్ళుగా నేను చెబుతున్న వాదనలే ఆయన నోట వింటుంటే, వాటిలో ఇంత నొప్పి ఉందని నాకు మొదటిసారి తెలిసింది. మేం బళేపేట కూడలిలో పెట్టిన వీధి సభలో, తన సంఘంవాళ్ళు కొట్ల గుమ్మాల్లో నిలబడి వింటుండగానే, పైన ఎవరూ లేరు, నేను మీకు ఇన్నాళ్ళూ ఖాళీ చోటు చూపించాను అని చెప్పాడు. పేరులో దైవం తీసేసి ఉత్త సహాయం అని సంతకం పెట్టడం మొదలుపెట్టాడు. మొదటి సగం పోయినా పనికొచ్చే సగమే మిగిలింది లెండి అని మా ఆవిడ సరోజ ఆటపట్టించేది. ఆయనా నవ్వేవాడు.

ఒక చిన్న అచ్చు పనుల కంపెనీలో ఉద్యోగం చూసుకుని, నగరం శివార్లలోని హెబ్బగోడిలో, ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళు ఉండే భవనంలో మూడో అంతస్తు గది అద్దెకు తీసుకున్నాడు. మా ఇల్లూ ఆ పక్కవీధే.

పోయిన ఏడాది వానలు మొదలయ్యే రోజుల్లో సర్వీసు రోడ్డు మీద ఆయన స్కూటర్ జారింది. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. మూడు నెలలకు తక్కువ కాకుండా ఆ కాలు నేల మీద మోపకూడదన్నారు. లిఫ్టు లేని మూడో అంతస్తులో ఒంటరి మనిషి ఎలా ఉంటాడు? మాది కింది వాటా. ముందు గదిలో మంచం వేసి తీసుకొచ్చేశాం.

ఈ సంగతి కాస్త వివరంగా రాయాలి, మిగతాదంతా దీనిమీదే ఆధారపడి ఉంది కనుక. మంచం దిగాలంటే ఆయనకు మనిషి సాయం కావాలి. ఆ మనిషి నేనే. పైగా ఆదివారం పొద్దున జరిగే మా హేతువాదుల సమావేశాన్ని ఆయన కోసమే మా ముందు గదికి మార్చాం. అంటే వానాకాలం పొడుగునా ప్రతి ఆదివారం, బళేపేటలో ఆరాధన జరిగే సమయానికి, ఆయన మంచం చుట్టూ కుర్చీలు వేసుకుని మేమంతా కూర్చుని ఉన్నాం. అందరూ దేవుణ్ణి నమ్మనివాళ్ళే. సరోజ అందరికీ కాఫీలు ఇచ్చేది. దేవుణ్ణి వదిలేశారు గానీ వాదన మాత్రం ఒక్కరూ వదలరు అని వెళ్ళేది.

ఆ మంచం మీద పడుకుని ఉండగానే ఆయనలో మార్పు వచ్చింది. నేను ముందు గమనించలేదు. సమావేశాల్లో మాట్లాడటం తగ్గించాడు. ఒక మధ్యాహ్నం నేను పేపరు చదువుతుంటే, చూపు గోడ వైపు పెట్టుకుని అన్నాడు.

"సార్, నాకు కోపం తగ్గిపోయినాది. ఇన్నేళ్ళూ కోపం ఉన్నింది కాబట్టి తెలీలేదు. ఎవరూ లేకపోతే నేను ఎవరి మీద కోపం పెట్టుకున్నట్టు?"

రాయి తగిలి కాలి వేలు చిట్లితే రాయిని తిడతాం, అంతమాత్రాన రాయికి చెవులున్నాయని కాదు అన్నాను. ఆయన పెద్దగా నవ్వాడు. ఇదే మాట మీరు అంటారని నాకు తెలుసు సార్, అయినా మీకే చెప్పాలనిపించింది అన్నాడు.

ఆ తర్వాత వారాల తరబడి మేం వాదించుకున్నాం. నా దగ్గర ఉన్న వాదనలన్నీ బయటికి తీశాను. ఆయన వాటిని ఖండించలేదు. అవన్నీ తనకూ తెలుసన్నాడు. ఆయన బాధ వేరే ఉంది. దేవుడు ఉన్నాడా లేడా అన్న దగ్గర ఆయన ఆగలేదు. ఉంటే, తనను మళ్ళీ రానిస్తాడా అన్నదే ఆయన్ని తినేస్తున్నది. వెలుగు చూసి, రుచి చూసి, తెలిసి తెలిసి కాదన్నవాణ్ణి తిరిగి నిలబెట్టడం జరిగే పని కాదని బైబిలు లేఖనాల్లో ఒక హెచ్చరిక ఉందట. ఆ మాట మీద తానే ఎన్నోసార్లు ప్రసంగించాడట. ఇప్పుడు అది తన మీదికే తిరిగి వచ్చి కూర్చుంది.

నరకం భయమా అని వెటకారంగా అడిగాను.

"కాదు సార్. నేను పోయి తలుపు తడితే లోపల్నించి ఎవరూ పలక్కపోతే? కరుణ పోయిన రోజు ఒకసారి అయినాది. ఇంకోసారి నావల్ల కాదు."

ఆయన కాలి కింద దిండు సరిచేసి లేచాను.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. తప్పిపోయి తిరిగి వచ్చినవాళ్ళు తక్కువలో తక్కువ మూడు నెలలు, ఒక్క ఆదివారం కూడా తప్పకుండా, మెట్ల పక్కన ఉండే ఆఖరి బెంచీలో కూర్చోవాలి. ఆరాధనలో అందరికీ పంచే రొట్టె, ద్రాక్షరసం వాళ్ళకు ఇవ్వరు. కానుకల సంచి వాళ్ళ ముందు ఆగదు. వాళ్ళను ఎవరూ పలకరించకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. గడువు నిండాక వచ్చే పండుగ రోజున సంఘ పెద్ద పేరు పెట్టి, ఆ రొట్టె పంచే బల్ల దగ్గరికి పిలుస్తాడు. ఆ పిలుపుతో అంతా తీరిపోతుంది, ఆ తర్వాత పాత సంగతి ఎత్తినవాడిదే తప్పు.

ఇది అమానుషమని నేను మండిపడ్డాను. మనిషిని పక్కన కూర్చోబెట్టి మొహం చూడకపోవడం వెలి కాక మరేమిటి? ఆయన ఒప్పుకోలేదు. పూర్వం ఒకామె అలాగే తిరిగి వస్తే, అందరూ మెడలు తిప్పి చూశారట. ఆమె మళ్ళీ రాలేదట. అప్పుడు పెట్టిన కట్టడి ఇది. చూడకపోవడమే అక్కడి మర్యాద. ఈ విషయం గుర్తుంచుకోండి. ఈ మర్యాద లేకపోతే నేను రాయబోయేది జరిగేదే కాదు.

కర్ర సాయంతో నడవడం వచ్చాక, కోత పండుగ ఆదివారం వెళ్ళి ఆ బెంచీలో కూర్చోవడం మొదలుపెడతానన్నాడు. పిలుపు ఎప్పుడో వచ్చే ఏడాది. అసలు వస్తుందో రాదో. ఏడాదైనా కూర్చుంటానన్నాడు. తాను వస్తున్నట్టు ఎవరికీ కబురు చేయలేదు. నేను తోడు వెళ్ళాను. మెట్లు ఎక్కించడానికి ఒక మనిషి కావాలి, అది పైకి చెప్పిన కారణం. వాళ్ళు ఆయన్ని అవమానిస్తే అక్కడే నిలదీయాలని లోపల సిద్ధపడి వెళ్ళాను.

ఆదివారం కావడంతో సందులో కొట్లన్నీ మూసి ఉన్నాయి. మేం పైకి చేరేసరికి పాట నడుస్తోంది. ఆఖరి బెంచీ ఖాళీగా ఉంది. కూర్చున్నాం. ఎవరూ తిరిగి చూడలేదు.

ముందు వైపు పండుగకు తెచ్చిన కోతలు పేర్చి ఉన్నాయి. పల్లెల్లో అయితే వడ్లు, కందులు తెస్తారు. ఇక్కడివాళ్ళకు పొలాలు లేవు కదా, ఎవరి పనిలో పండింది వాళ్ళు తెచ్చారు. గుమ్మడికాయల పక్కన తాళ్ళకు గుచ్చిన గాజులు, దర్జీలు కుట్టిన దిండు గలీబులు, ఒక అట్టపెట్టె నిండా తలుపు బందులు. మీ దేవుడికి తలుపు బందులెందుకయ్యా అని ఆయన చెవిలో గొణిగాను. వేలం వేస్తారు సార్, మీ బాత్రూం తలుపుకు కొనుక్కోండి అన్నాడు. భయంతో ఆయన చేతులు చల్లబడి ఉన్నాయి, అయినా ఆ మాట అన్నాడు.

ఆయన వెళ్ళిపోయాక ఆ సంఘానికి వేరే పాస్టరు రాలేదు. సంఘ పెద్దగా జ్ఞానప్ప అనే జరీ వ్యాపారి ఆరాధన నడుపుతున్నాడు. మా వీధి సభ జరిగినప్పుడు కొట్టు గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్న మనిషి ఆయనే. తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు నిలబడి, చేతులు జోడించి, చాలా మామూలుగా అన్నాడు.

"మన తమ్ముడు దైవసహాయం వానలు మొదలైనప్పట్నించి ఒక్క ఆదివారం తప్పకుండా వెనక బెంచీలో కూర్చున్నాడు. సంఘమంతా చూసినాది. ఇంక చాలు. రాప్పా, బల్ల దగ్గరికి రా."

ముందు నాకు అర్థం కాలేదు. పక్కకు చూశాను. దైవసహాయం కర్ర పట్టుకుని మెల్లగా లేచాడు.

"పెద్దాయనా, మీకెవరో తప్పు చెప్పినట్టుంది. నేను ఇవాళే వచ్చినా. ఇంతకు ముందు రాలేదు."

జ్ఞానప్ప నవ్వాడు. తగ్గించుకునేది మంచిదే గానీ పండగ పూట అబద్ధమెందుకప్పా అన్నాడు. హాల్లో చిన్నగా నవ్వులు. పిలుపు అయిపోయింది కనుక ఇప్పుడు అందరూ ధైర్యంగా వెనక్కి తిరిగారు. తిరిగి, కర్రను చూశారు. బిగుసుకుపోయిన కాలును చూశారు. నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

ఆడవాళ్ళ వైపు చివర కూర్చున్న రాహేలమ్మ అనే ముసలామె అడిగింది, "కాలికేమైంది అప్పా? పోయిన వారం బాగుంటివే?"

ఆయన అంతా చెప్పాడు. స్కూటర్, ఆపరేషన్, మా ఇల్లు. మెట్లు ఎక్కడం కాదు కదా, మంచం దిగడం కూడా చేతకాలేదని చెప్పాడు. కూర్చోని ఆదివారాలు కూర్చున్నట్టు చెప్పుకుని మీ బల్ల ముట్టుకోలేను, నన్ను ఇవాళ్టి నించి కూర్చోనియ్యండి అన్నాడు.

జ్ఞానప్ప నా వైపు తిరిగాడు. నేను ఆయనకు తెలుసు.

"సార్, మీరు దేవుణ్ణి నమ్మరు. మాకోసం అబద్ధం చెప్పే అవసరం మీకు లేదు. ఈయన చెప్పేది నిజమేనా?"

నేను లేచి నిలబడ్డాను. నిజమంటే ఈయన గడువు నిండలేదని తేలుతుంది, బల్ల దూరమవుతుంది, ఇంకో ఏడాది ఆ భయంతోనే బతకాలి. ఏమో తెలియదంటే ఈ పూటే తీరిపోతుంది. దైవసహాయం నా మొహంలోకి చూశాడు. నిజం చెప్పమనే చూశాడు.

నిజమేనని చెప్పాను. ప్రతి ఆదివారం ఆయన మా ఇంట్లో, మా కళ్ళెదుట ఉన్నాడని, కావాలంటే మా సమావేశానికి వచ్చిన వాళ్ళందరూ చెబుతారని చెప్పాను. ఎన్నో వేదికలెక్కాను గానీ ఇంత శ్రద్ధగా నన్నెవరూ వినలేదు. చెప్పడం పూర్తయ్యాకే నేనేం చేశానో నాకు తెలిసింది. ఒక ప్రార్థన మందిరంలో నిలబడి, జరగడానికి వీల్లేనిది జరిగిందని రుజువు చేసింది నేనే.

జ్ఞానప్ప కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. ముందు వరసలో ఒకాయన, మరి ఆ కూర్చున్నది అని మొదలుపెట్టి ఆపేశాడు.

అప్పుడు రాహేలమ్మ లేచింది. కట్టడి మీరి ఒక తప్పు చేశానని, సంఘం క్షమించాలని అంది. ఒక ఆదివారం జోరుగా వాన. జల్లు మెట్ల మీదుగా ఆఖరి బెంచీ దాకా కొడుతోంది. ఆమె ఉండబట్టలేక, తల తిప్పకుండానే, ముందుకొచ్చి కూర్చో అప్పా, తడిసిపోతావు అందట.

"దానికి ఏమన్నాడంటే పెద్దాయనా, 'వాడింకా రాలేదమ్మా. వచ్చేదాకా ఈ చోటు నేను చూసుకుంటా' అన్నాడు. ఎవరో స్నేహితుణ్ణి తోడు తెస్తాడేమో అనుకుంటి. ఎందుకో తెలీదు, ఆ మాట విన్నాక ఆరాధన అయ్యేదాకా ఏడుస్తానే ఉంటి."

గొంతు ఈయనదేనా అని అడిగింది నేనే. గొంతు గుర్తు చేసుకుందామంటే రాదు సారూ, మాటే గుర్తొస్తాది అంది.

ఈ మాటలు రాస్తుంటే ఇప్పటికీ నా చేతి మీద వెంట్రుకలు లేస్తున్నాయి. అది భయం కాదు. నాకు భయం అంటే తెలుసు. ఒకసారి చీకట్లో దుండగులు కర్రలతో నా మీదికి వచ్చారు, అప్పుడు తెలిసింది. ఇది వేరు. చిన్నప్పుడు మా నాన్న మొదటిసారి దుర్భిణిలోంచి శనిగ్రహం చూపించినప్పుడు, ఆ వలయం నిజంగానే అక్కడ ఉందని తెలిసినప్పుడు, కాళ్ళ కింద నేల లేనట్టయింది. మళ్ళీ ఆ హాల్లో అలా అయింది. కిందికి చూస్తే, నాకు తెలియకుండానే నేను కాళ్ళు దగ్గరికి లాక్కుని ఒక పక్కకు జరిగి ఉన్నాను. బెంచీ మీద ఇంకొకరికి చోటిచ్చినట్టు.

జ్ఞానప్ప కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని అన్నాడు.

"నేనేం తీర్పు చెప్పేదప్పా. ఆ ఆదివారాలన్నీ నీ చోటు నిండే ఉండాది. నింపినోడెవరో నాకు తెలుసని నేను చెప్పను. నింపినాక ఖాళీ ఉండాదని చెప్పడానికి మాత్రం నేనెవర్ని?"

బల్ల మీది రొట్టె చేతిలోకి తీసుకున్నాడు. దైవసహాయం ముందుకు నడవాలి, అది అక్కడి పద్ధతి. కానీ ఆయన కదల్లేకపోయాడు. అది చూసి జ్ఞానప్పే బల్ల వదిలి, బెంచీల మధ్య దారిలో ఆఖరి దాకా నడిచి వచ్చాడు. రొట్టె విరిచి ఆయన చేతిలో పెట్టాడు. దైవసహాయం దాన్ని వెంటనే తినలేదు. ఆకలి మరిచిపోయిన మనిషి అన్నాన్ని చూసినట్టు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తిన్నాడు. ఆయన ఏడవడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఆ రోజు చూశాను.

నేను ఊరుకునే మనిషిని కాదు. ఆ తర్వాతి వారాల్లో పనిదినాల్లో బళేపేట వెళ్ళి ఒక్కొక్కరినీ విడివిడిగా కలిశాను. కొట్లలో స్టూలు వేసి కూర్చోబెట్టారు, టీలు తెప్పించారు. కోర్టులో అడిగినట్టు అడిగాను, ఎవరూ చిరాకు పడలేదు.

కానుకల సంచి తిప్పే దర్జీ, ఆ బెంచీ ముందు సంచి ఆపకుండా దాటించినట్టు ప్రతిసారీ తనకు గుర్తుందన్నాడు. మొహం చూశావా అంటే, చూడకూడదు కదా సార్ అన్నాడు. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని బయటికి వెళ్ళిన తల్లి, వంచిన తల, నీలి గళ్ళ చొక్కా చూశానంది. స్కూటర్ పడిన రోజు ఆయన ఒంటి మీద ఉన్నది నీలి గళ్ళ చొక్కానే. రక్తం మరకలు పోక, దాన్ని నేనే చెత్తబండిలో వేశాను. అయితే నీలి గళ్ళ చొక్కాలు ఈ నగరంలో ఏ వీధిలో చూసినా ఉంటాయి, అదీ రాసిపెడుతున్నాను.

ఒకరు అనుకుంటే మిగతావాళ్ళూ అదే చూశామనుకుని ఉండొచ్చా? అది నేను మొదట పట్టుకున్న వివరణ. కింద హార్డ్‌వేర్ కొట్టు దగ్గర కాపలా ఉండే ఆయన దాన్ని చెడగొట్టాడు. కన్నడం మాత్రమే మాట్లాడే మనిషి, ఆ సంఘంతో సంబంధం లేదు, పాత రోజుల నుంచి దైవసహాయాన్ని ఎరిగినవాడు. ప్రతి ఆదివారం పాట మొదలయ్యాక పాస్టరు మెట్లెక్కడం చూశానన్నాడు. దిగడం చూశావా అని అడిగాను. చూశానని చెప్పబోయి ఆగాడు. దిగడం ఒక్కసారి కూడా చూసినట్టు లేదే అన్నాడు. అప్పటిదాకా ఆ ఆలోచనే తనకు రాలేదట.

కొట్టు బయట కెమెరా ఉంది. పాత దృశ్యాలు కొన్నాళ్ళకే చెరిగిపోతాయట, నేను అడిగేసరికి ఏమీ మిగల్లేదు. ఆరాధనను ఫోనులో తీసి బంధువులకు పంపుతారు గానీ అది ముందు వైపే చూస్తుంది. పోలికలున్న అన్నదమ్ములు ఆయనకు లేరు, ఒక్క చెల్లెలు. వీళ్ళంతా కలిసి కట్టిన కథా? ఎవరికి ఏం లాభం? ఆ సంఘం ఈ సంగతిని ఎక్కడా చాటుకోలేదు, పోస్టరు వేయలేదు. బయటికి చెబుతున్న మొదటివాణ్ణి నేనే.

మా సమావేశంలోనూ చెప్పాను. సామూహిక భ్రమ అన్నారు మిత్రులు. కావచ్చు, మనం ఆయన్ని మంచం మీద చూడటం కూడా సామూహిక భ్రమేనా అని అడిగాను. సరోజ తలుపు దగ్గర నిలబడి, ఆ మనిషికి ప్రతి ఆదివారం కాఫీ నేనిచ్చాను, గ్లాసు నేను కడిగాను, నాకు భ్రమపడే తీరిక లేదు అంది.

దైవసహాయం మాత్రం ఏమీ విచారించలేదు. పేరు పూర్తిగా రాసుకుంటున్నాడు. మళ్ళీ ప్రసంగించమంటే ఒప్పుకోలేదు. ముందు వరసలో చోటిచ్చినా కూర్చోలేదు. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆ ఆఖరి బెంచీలోనే కూర్చుంటున్నాడు. పిలుపు వచ్చాక అక్కడ కూర్చునే పద్ధతి లేదు, అయినా ఎవరూ వద్దనలేదు. ఎందుకక్కడ అని అడిగాను. నాకోసం ఒకరు కూర్చున్నారు కదా సార్, నేను ఇంకెవరికోసమో కూర్చోవద్దా అన్నాడు. ఎవరికోసం అంటే నవ్వి మాట మార్చాడు.

నేను నమ్మడం లేదు. స్పష్టంగా రాస్తున్నాను, ఎవరూ నన్ను వాళ్ళ ఖాతాలో వేసుకోవద్దు. కానీ నా దగ్గర వివరణ లేదు. ఉన్న ప్రతి వివరణనూ నేనే విరిచాను. ఒక మనిషి రెండు చోట్ల ఉండడు. ఉండనప్పుడు, ఒక విరిగిపోయిన మనిషి చోటును వానలో తడుస్తూ, పలకరింపు లేకుండా, రొట్టె లేకుండా, ఒక కాలమంతా కాపాడినవాడు ఎవరో ఒకడు ఉండి తీరాలి. ఎవరి మెప్పూ కోరకుండా అంత పని చేసినవాడు ఎవడైనా సరే, నేను నా వాదనలన్నిటితో కలిపి అతని ముందు చిన్నవాణ్ణి.

ఇది చదువుతున్న మీలో ఎవరైనా ఆ మనిషి అయితే దాక్కోకండి. ఎందుకు చేశారో చెప్పనక్కర్లేదు. నేను వాదించను. హెబ్బగోడిలో మా ఇంటి తలుపు పొద్దున్నించీ తెరిచే ఉంటుంది. రండి. వచ్చి నా ఎదురుగా కూర్చోండి.